నిర్బంధానికి గడువు: డిఫో, అనంతమూర్తి, బేదీ రచనలలో క్వారంటైన్ విధాన విచారణ

హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని నగరవాసులు ఇప్పటికీ 'కోరంటి దవాఖాన' అనే పిలుస్తారు. ప్రభుత్వ పత్రాలలో దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు ఉంది. ఫీవర్ హాస్పిటల్ అన్న పేరూ వాడుకలో ఉంది. అయినా పాత బస్తీలో ఆటో ఎక్కిన మనిషి చెప్పే పేరు కోరంటే. ఇది 'క్వారంటైన్' అన్న మాటకు జనం నోట ఏర్పడిన రూపం. ఇటలీలో నలభై రోజులు అనే అర్థంతో పుట్టిన మాట దేశాలు, భాషలు దాటి మన దాకా వచ్చేసరికి అందులోని సంఖ్య అరిగిపోయింది. మిగిలింది ఒక చోటు. రోగిని తీసుకుపోయే చోటు. కాలాన్ని చెప్పిన మాట స్థలాన్ని చెప్పే మాటగా మారడం భాషాశాస్త్ర దృష్టితో సాధారణ అర్థపరిణామమే. కానీ మహమ్మారి సాహిత్యాన్ని చదివేటప్పుడు ఈ మార్పును అంత తేలికగా దాటిపోవడానికి వీల్లేదని నాకు తోచింది. ఈ వ్యాసానికి మూలం ఆ ఆలోచనే.

ప్లేగు భయంతో అడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం 1377లో, రోగపీడిత ప్రాంతాల నుంచి వచ్చేవారిని ముప్ఫై రోజులు ఊరి వెలుపల ఉంచాలని శాసించింది. తర్వాతి కాలంలో ఆ ముప్ఫై నలభై అయింది. వెనిస్ 1423లో ఒక దీవి మీద ప్లేగు ఆసుపత్రి నెలకొల్పింది. ముప్ఫైకి గాని నలభైకి గాని ఆనాడు ఈనాటి అర్థంలో శాస్త్ర ప్రమాణం లేదు. అయినా సంఖ్య ఉండటమే అసలు విషయం. లోపల ఉన్న మనిషి రోజులు లెక్కపెట్టుకోగలడు. లోపల ఉంచిన అధికారి ఆ లెక్కకు కట్టుబడక తప్పదు. నిర్బంధం శిక్ష కాదని చెప్పగల ఒకే ఒక్క సాక్ష్యం దాని గడువు.

2020 తర్వాత మహమ్మారి సాహిత్యం మీద తెలుగులో సాగిన చర్చ, నేను గమనించిన మేరకు, ప్రధానంగా రెండు దారులు పట్టింది. ఒకటి ప్రతీకల దారి: ఆల్బేర్ కామూ ప్లేగు నవల (1947) నాజీ ఆక్రమణకు ప్రతీక అన్న ప్రసిద్ధమైన పఠనాన్ని ఇతర రచనలకూ వర్తింపజేయడం. రెండోది రాజ్యహింస దారి: నిర్బంధ విధానాన్ని అధికారపు క్రూరత్వంగా మాత్రమే చూడటం. రెండు దారులకూ విలువ ఉంది. అయితే రెండింటిలోనూ ఒక మొరటు ప్రశ్న తప్పిపోతోంది: ఆ రచనలోని ప్రభుత్వం విధించిన నిర్బంధం వ్యాధిని ఆపిందా, ఆపలేదా? ఇది వైద్యులకూ పాలనాధికారులకూ వదిలేయవలసిన ప్రశ్న అనుకోవడం వల్ల, రచయితలు స్వయంగా దానికి చెప్పిన సమాధానాలు మన దృష్టికి ఆనడం లేదు. డేనియల్ డిఫో గాని రాజిందర్ సింగ్ బేదీ గాని క్వారంటైన్‌ను మొదట ఫలితంతో కొలిచారు, ఆ తర్వాతే దయతో. వాళ్ల లెక్కలో విధానపు క్రూరత్వం, విధానపు వైఫల్యం రెండు వేర్వేరు నేరాలు కావు. దాపరికం అనే చోట ఆ రెండూ కలుస్తాయి. ఇదే నా ప్రతిపాదన.

లండన్ తలుపుల మీది ఎర్ర శిలువ

డిఫో 'ఎ జర్నల్ ఆఫ్ ది ప్లేగ్ ఇయర్' 1722లో వెలువడింది. అందులోని కథాకాలం 1665. ఆ ప్లేగు నాటికి డిఫోకు అయిదేళ్లు ఉండవచ్చు. కనుక ఇది జ్ఞాపకం కాదు. సేకరించిన పత్రాలు, విన్న కథలు, కల్పన కలిపి అల్లిన సాక్ష్యం. రచనకు తక్షణ సందర్భం కూడా ఉంది. 1720లో ఫ్రాన్స్‌లోని మార్సే నగరానికి ప్లేగు వచ్చింది. బ్రిటిష్ పార్లమెంటు 1721లో క్వారంటైన్ చట్టం చేసింది. రోగులను బలవంతంగా తరలించడానికీ, ఊళ్ల చుట్టూ కాపలా గీతలు గీయడానికీ ఆ చట్టం ఇచ్చిన అధికారాల మీద పెద్ద వివాదం చెలరేగి, ఆ నిబంధనలు కొద్ది కాలంలోనే రద్దయ్యాయి. అంటే డిఫో గతాన్ని రాస్తున్నట్లు కనిపిస్తూ అప్పటికి బల్ల మీద ఉన్న విధానం గురించి వాదిస్తున్నాడు. ఈ రచనను నవలగా మాత్రమే చదివే పాఠకుడికి ఇందులోని పునరుక్తులు విసుగు పుట్టిస్తాయి. ఇళ్లకు తాళాలు వేయడం గురించిన చర్చ మళ్లీ మళ్లీ తిరిగివస్తుంది. వాదనగా చదివితే ఆ పునరావృత్తి న్యాయవాది ఒక్కో సాక్షిని బోనెక్కించడంలా కనిపిస్తుంది.

కథకుడు హెచ్.ఎఫ్. అనే రెండక్షరాలతో మాత్రమే తెలిసిన జీనుల వర్తకుడు. నగర మేయరు జారీచేసిన ఉత్తర్వులను అతడు యథాతథంగా పుస్తకంలో చేరుస్తాడు. రోగి ఉన్న ఇంటిని నెల రోజులు మూసివేయాలి. తలుపు మధ్య అడుగు పొడవున ఎర్ర శిలువ గుర్తు పెట్టి, పైన దేవుడి కరుణ కోరే వాక్యం రాయాలి. పగలొకడు, రాత్రొకడు కాపలా కాయాలి. లోపల ఒక్కరికి రోగం వస్తే ఇంటిల్లిపాదీ, పనివాళ్లతో సహా, ఆ తలుపు వెనకే ఉండాలి. ఉత్తర్వులు చదువుతుంటే పకడ్బందీగానే ఉన్నాయనిపిస్తుంది. తర్వాత డిఫో వాటిని వీధిలో పెట్టి నడిపిస్తాడు. అన్ని ద్వారాలున్న ఇంటికి ఒక్క కాపలావాడు చాలడు. కాపలావాణ్ని ఏదో పని మీద పంపి వెనక దారిన పారిపోయినవారున్నారు, లంచమిచ్చినవారున్నారు, ఒకచోట మందుగుండుతో అతణ్ని పేల్చేసి కిటికీలలో నుంచి దూకి పోయినవారున్నారు. చచ్చిన, చావుదెబ్బలు తిన్న కాపలావాళ్లు ఇరవై మంది దాకా ఉంటారని కథకుడి అంచనా. అలా పారిపోయినవారు రోగాన్ని వెంటబెట్టుకుని ఊళ్ల మీద పడ్డారు. తాళం లేకపోతే వాళ్లు ఇంట్లోనే ఉండేవారు.

ఇక్కడ కథకుడు వీధి పరీక్షకుడిగా స్వయంగా నియమితుడు కావడం గమనార్హం. ఇష్టం లేకున్నా తప్పలేదు. రెండు నెలల పదవిని మూడు వారాలకే, కొంత సొమ్మిచ్చి, మరొకరికి అప్పగించి బయటపడ్డాడు. విధానాన్ని విమర్శిస్తున్నది బాధితుడు కాదు, దాన్ని అమలు చేసి చూసినవాడు. అతడు చెప్పేది ఇది: పరీక్షకుడు తలుపు తట్టేసరికి ఆ ఇంట్లోవాళ్లకు రోగం సంగతి అంతకుముందే తెలుసు. తెలిసినా చెప్పరు. చెబితే తాళం పడుతుంది. చెప్పకపోతే కనీసం ఆరోగ్యవంతులు తప్పించుకోవచ్చు. అంతేకాదు, పైకి ఆరోగ్యంగా కనిపించే మనుషులు తమకే తెలియకుండా రోగాన్ని మోస్తున్నారన్నది అతడి బలమైన వాదన. రోగిని పట్టుకుని తాళం వేసే పద్ధతి రోగం కంటే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. 2020లో లక్షణాలు లేని వ్యాప్తి గురించి మనం దినపత్రికలలో చదివిన వాక్యాలకు ఇది ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. డిఫోకు ప్లేగు మూలం తెలియదు. ఎలుకలనూ వాటి ఒంటిని పట్టి ఉండే కీటకాలనూ పాల్ లూయీ సిమాన్ రోగవ్యాప్తితో ముడిపెట్టింది 1898లో. ఆ దృష్టితో చూస్తే, ఎలుకలు తిరిగే ఇంట్లో రోగితో పాటు ఆరోగ్యవంతులను బంధించడం వాళ్లను రోగానికి అప్పగించడమే. అంటే డిఫో తీర్పు సరైనదే గాని అతడు చూపిన కారణాలన్నీ సరైనవి కావు. రచయిత దార్శనికత అంటూ దీన్ని కీర్తించడానికి నేను సిద్ధంగా లేను. అతడు చూసినది జీవశాస్త్రం కాదు, మనుషుల ప్రవర్తన. దాన్ని మాత్రం సరిగ్గా చూశాడు.

మరొక విషయం. డిఫో క్వారంటైన్‌నే నిరాకరించాడని కొందరు అంటారు. రచన అలా చెప్పడం లేదు. తిండిగింజలు నిల్వచేసుకుని, తమ ఇళ్లను ముట్టడిలో ఉన్న చిన్న కోటల్లా మూసుకుని బతికిపోయిన డచ్చి వర్తకుల గురించి అతడు మెచ్చుకోలుగానే చెబుతాడు. ఆరోగ్యవంతులను రోగుల నుంచి వేరుచేయండి, ఇద్దరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేయకండి అన్నది అతడి సూచన. అంత పెద్ద నగరానికి సరిపడినన్ని ప్లేగు ఆసుపత్రులు లేకపోవడం పెద్ద తప్పు అంటాడు. రొట్టె కొరత రాకుండా, ధర పెరగకుండా చూసిన నగరాధికారులను అదే నోటితో ప్రశంసిస్తాడు. అతడి దృష్టిలో విధానపు సఫలత తలుపు బయటి కాపలా మీద కాక తలుపు లోపలి తిండి మీద ఆధారపడి ఉంది.

ఆ తిండి ఎవరు మోస్తారు? దీనికి సమాధానంగా డిఫో ఒక పడవవాణ్ని తీసుకువచ్చాడు. నా దృష్టిలో ఈ రచనకంతటికీ ఇదే ఆయువుపట్టు. ధనిక కుటుంబాలు థేమ్స్ నదిలో లంగరు వేసిన ఓడలలో తమను తాము విడిగా ఉంచుకున్నాయి. వాళ్లకు ఒడ్డు నుంచి సరుకులు తెచ్చి ఇచ్చేది ఈ పడవవాడు. అతడి భార్యాబిడ్డలు ఒడ్డున గుడిసెలో ఉన్నారు. రోగం ఆ ఇంటికీ వచ్చింది. అతడు లోపలికి వెళ్లడు. సంపాదించిన డబ్బు, తిండి ఒక వెడల్పాటి రాయి మీద పెట్టి, దూరంగా జరిగి, భార్యను పేరుపెట్టి కేకవేస్తాడు. ఆమె వచ్చి తీసుకుంటుంది. ఏ ఉత్తర్వూ లేకుండా, ఏ కాపలా లేకుండా అమలైన ఈ క్వారంటైన్‌ను కథకుడు కన్నీళ్లతో వర్ణిస్తాడు. కానీ కన్నీళ్ల వెనక ఒక లెక్క ఉంది. ఓడలోనివారి ఏకాంతం పడవవాడి తెడ్డు మీద నిలిచి ఉంది. ఒక వర్గం విడిగా ఉండాలంటే మరొక వర్గం విడిగా ఉండకూడదు.

పొలిమేర

వాపింగ్ నుంచి బయలుదేరిన ముగ్గురు పేదల కథ కూడా ఇక్కడ ప్రస్తావించాలి. రొట్టెలు కాల్చేవాడొకడు, తెరచాపలు కుట్టేవాడొకడు, వడ్రంగి ఒకడు. లండన్‌లో పని లేదు, ఉండటానికి చోటు లేదు, ఊళ్లు రానివ్వవు. మధ్యలో మరికొందరు కలిసి ఒక బృందమవుతారు. ఒక ఊరి దగ్గర కర్రలను తుపాకులలా చూపించి, మనుషులు చాలామంది ఉన్నట్టు భ్రమ కల్పించి, దారినీ తిండినీ సంపాదిస్తారు. ఊరివాళ్లను డిఫో దుర్మార్గులుగా చిత్రించలేదు. వాళ్ల భయం న్యాయమైనదే; వీళ్ల ఆకలీ న్యాయమైనదే.

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలుగు పల్లెలు దారులకడ్డంగా ముళ్లకంపలు వేసుకున్న దృశ్యాలు చూసినవారికి ఈ ఘట్టానికి వివరణ అక్కరలేదు. మార్చి 24 రాత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటన వెలువడింది. ఆ వెంటనే హైదరాబాదు హాస్టళ్ల నుంచి పోలీసుల అనుమతి పత్రాలు పట్టుకుని ఊళ్లకు బయలుదేరిన యువతీయువకులు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. 14 రోజుల క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే ప్రవేశమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పింది. ఒక ప్రభుత్వం ఇచ్చిన కాగితం మరొక ప్రభుత్వం గుమ్మం దగ్గర చెల్లలేదు. డిఫో పుస్తకంలో కూడా ప్లేగు తొలిరోజుల్లో ఆరోగ్య ధ్రువపత్రాల కోసం మేయరు ఇంటి ముందు జనం కిక్కిరిసిపోతారు. అవి లేనిదే ఏ ఊరూ తమ మీదుగా పోనివ్వదు. ఇన్నేళ్ల దూరంలో ఉన్న రెండు గుమ్మాలను కలిపి చూపడం నా ఉద్దేశం కాదు. పొలిమేర అన్న మాటకు మన సంస్కృతిలో ఉన్న బరువు వల్ల, గ్రామదేవతను సాగనంపి రోగాన్ని పొలిమేర దాటించే సంప్రదాయం ఉండటం వల్ల, ముళ్లకంప అంత త్వరగా లేచిందని నేననుకుంటాను. దాటించవలసిన దేవతకు బదులుగా ఆ పొలిమేర దగ్గర నిలబడింది ఊరి బిడ్డే అయినప్పుడు సంప్రదాయం దగ్గర సమాధానం లేదు. 14 రోజులకు మాత్రం సమాధానం ఉంది. రగూసా ముప్ఫై రోజులలా కాకుండా దానికి వ్యాధి పొదిగే కాలం అనే ఆధారం ఉంది. బయట ఆపబడిన మనిషికి అది ఒక మాట ఇస్తుంది: పదిహేనో రోజున నువ్వు లోపల ఉంటావు.

కామూ నవలలో న్యాయమూర్తి ఒథాన్ విషయంలో జరిగింది ఆ మాట తప్పడమే. కొడుకు ప్లేగుతో చనిపోతాడు. తండ్రి స్టేడియంలోని శిబిరంలో ఉంటాడు. గడువు తీరినా కార్యాలయపు పొరపాటు వల్ల విడుదల కాడు. చట్టాన్ని జీవితమంతా ఇతరుల మీద ప్రయోగించినవాడు చట్టం మరచిపోయిన కాగితమవుతాడు. విడుదలైన తర్వాత అదే శిబిరంలో స్వచ్ఛందంగా పనిచేయడానికి తిరిగి వెళతాడు. నవలను ప్రతీకగా మాత్రమే చదివితే ఈ కాగితపు పొరపాటు చిన్న విషయంగా మిగిలిపోతుంది.

మడి క్వారంటైన్ కాదు

కోవిడ్ కాలంలో మన ఇళ్లలో, సభలలో, కొన్ని వ్యాసాలలో కూడా తరచుగా వినిపించిన మాట ఒకటుంది. మడి, మైల, అంటు అన్నవి మన పెద్దలు ముందే కనిపెట్టిన క్వారంటైన్ అని. పురుడు, చావు, రోగం సందర్భాలలో పాటించే దూరానికి ఆరోగ్య ప్రయోజనం ఏదైనా ఉండవచ్చునేమో, దానిని ఇక్కడ చర్చించను. ఆ మాటను ఒక సాహిత్య పాఠంతో పరీక్షించవచ్చు. యు.ఆర్. అనంతమూర్తి కన్నడ నవల 'సంస్కార' (1965) అందుకు అనువైనది.

దూర్వాసపురం అగ్రహారంలో నారణప్ప చనిపోతాడు. శివమొగ్గ నుంచి జ్వరంతో, గడ్డతో వచ్చినవాడు. అది ప్లేగు. ఆచారం తప్పిన ఆ బ్రాహ్మణుడి శవానికి సంస్కారం ఎవరు చేయాలన్నది తేలదు. తేలేదాకా అగ్రహారంలో ఎవరూ అన్నం ముట్టకూడదు. ప్రాణేశాచార్యులు తాళపత్రాలు తిరగేస్తుంటారు. బయట ఎలుకలు వచ్చి చస్తుంటాయి. ఇళ్లకప్పుల మీద గద్దలు వాలుతాయి. అగ్రహారీకులు శంఖాలు, జేగంటలతో వాటిని తోలుతారు. ఆ ఊరిలో దూరం పాటించడం అనే విద్యలో ఆరితేరనివారు లేరు. ఎవరు ఎవరిని తాకవచ్చు, ఎవరి నీడ ఎక్కడ పడకూడదు అన్నది పసిపిల్లలకూ తెలుసు. అయినా చచ్చిన ఎలుకను చూసి ప్లేగు అని ఎవరికీ తట్టదు. వాళ్లకు కనిపిస్తున్నది మైల. మైల కళ్లతో చూసేవాడికి రోగం కనిపించదు. తమకంటే ఆచారంలో తక్కువవారని వీళ్లు చిన్నచూపు చూసే పారిజాతపురంలోని మంజయ్య దాన్ని ప్లేగుగా గ్రహించి పురపాలక అధికారులకు తెలియజేయాలనుకుంటాడు. చివరికి శవాన్ని రాత్రివేళ దహనం చేయించింది చంద్రి, ఒక ముస్లిం బండివాడి సాయంతో. అగ్రహారానికి ఆ సంగతి తెలియదు. అంటరానివారనుకున్నవారు అగ్రహారాన్ని దాని శవం నుంచి విడిపించారు. అగ్రహారం మాత్రం ధర్మసందేహంలోనే ఉంది.

మడి విఫలమైన క్వారంటైన్ అని ఈ నవల చెప్పడం లేదు. అది క్వారంటైన్ కానే కాదని చూపుతోంది. క్వారంటైన్ రోగాన్ని దూరం పెడుతుంది, కొన్ని రోజులు. అంటరానితనం మనిషిని దూరం పెడుతుంది, పుట్టిన నాటి నుంచి. మొదటిదానికి గడువు ఉంది, రెండోదానికి లేదు. మాలపల్లె, మాదిగవాడ ఊరికి ఎడంగా ఉండటానికి ఏ నలభయ్యో రోజూ రాలేదు. గడువు లేని ఎడం ఏ వ్యాధికి మందు? ఈ భేదాన్ని మరచి రెండింటినీ ఒకే మాటలో కలపడం శాస్త్రానికీ అన్యాయమే, చరిత్రకూ అన్యాయమే.

భాగూ చీపురు

ఈ చర్చ సహజంగా రాజిందర్ సింగ్ బేదీ ఉర్దూ కథ 'క్వారంటీన్' దగ్గరకు చేరుతుంది. బేదీ తొలి కథాసంపుటి 'దానా ఓ దామ్'లోని కథ ఇది. దీని వెనక ఒక చట్టం నీడ ఉంది. బొంబాయిలో 1896 సెప్టెంబరులో ప్లేగు బయటపడింది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. చాలా చిన్న చట్టం. అధికారాలు మాత్రం చాలా పెద్దవి. పుణేలో సైనికులు ఇళ్లలో చొరబడి సోదాలు చేశారు, స్త్రీలను సైతం పరీక్షలకు గురిచేశారు, అనుమానితులను శిబిరాలకు తరలించారు. ప్లేగు కమిటీ అధిపతి వాల్టర్ చార్లెస్ రాండ్‌పై చాఫేకర్ సోదరులు 1897 జూన్ 22న కాల్పులు జరిపారు. ఆ గాయాలతో అతడు మరణించాడు. తిలక్‌కు రాజద్రోహ నేరం కింద 18 నెలల శిక్ష పడింది. 1900లో కాన్పూరులో జనం ప్లేగు శిబిరం మీద దాడి చేశారు. తర్వాత ప్రభుత్వం బలప్రయోగాన్ని క్రమంగా తగ్గించుకుంది. మందబుద్ధితో గాని, ప్రజల మీద ప్రేమతో గాని కాదు. దాపరికం పెరిగి రోగం లెక్కకు అందడం లేదని దానికే అర్థమైంది. అదే ఏడాది, రాండ్ హత్య జరిగిన రెండు నెలలకు, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఒకచోట చట్టం తలుపులు పగలగొడుతుండగా మరొకచోట ఒకడు సూక్ష్మదర్శినిలోకి చూస్తున్నాడు. కోరంటి దవాఖానకు ఆ రెండోవాడి పేరు పెట్టారు గాని జనం నోట మొదటిదే నిలిచింది. 1897 నాటి చట్టాన్నే 2020లోనూ బయటకు తీశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ దాని కిందనే కోవిడ్ నిబంధనలు జారీచేశాయి.

బేదీ కథ మొదట్లోనే డాక్టరు బక్షీ నోట ఒక లెక్క చెప్పిస్తుంది. ప్లేగు కంటే క్వారంటైన్ భయంతో చనిపోయినవారే ఎక్కువ. ఇది అలంకారమా? కథ దీనిని ఒక కార్యకారణ సంబంధంగా నిరూపిస్తుంది. రోగం వచ్చినట్టు తెలిస్తే క్వారంటైన్‌కు తీసుకుపోతారు; అక్కడ చుట్టూ చావులే; ఆ చావులను చూసి బతికేవాడు కూడా ధైర్యం కోల్పోతాడు. అందుకని జనం రోగాన్ని దాస్తారు. ఆ ఇంట్లో ప్లేగు ఉందన్న సంగతి శవం గుమ్మం దాటినప్పుడే బయటపడుతుంది. డిఫో వీధి పరీక్షకుడు చెప్పిందే వలసపాలనలోని ఈ డాక్టరూ చెబుతున్నాడు. ఒకరిని ఒకరు చదివారనడానికి ఆధారమేదీ అక్కరలేదు. రెండు చోట్లా విధానం అదే, అది పండించిన పంటా అదే.

అయితే బేదీ డిఫో ఆగిన చోట ఆగలేదు. డిఫో పడవవాడికి కథలో రెండు మూడు పేజీలే ఇచ్చాడు. బేదీ తన పారిశుధ్య కార్మికుణ్ని కథ మధ్యలో నిలిపాడు. విలియం భాగవ్, అందరికీ భాగూ. కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పాకీ పనివాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి, సారా తాగి, వీధుల్లో కాలువల్లో సున్నం చల్లుతాడు. శవాలు ఎత్తుతాడు. డాక్టరు మాత్రం ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుగుతాడు, మందునీళ్లు పుక్కిలిస్తాడు, వేడి కాఫీయో బ్రాందీయో తాగుతాడు. ఈ జాగ్రత్తలు తప్పని కథ అనదు. అంటువ్యాధిలో వైద్యుడు చేతులు కడగవలసిందే. కానీ ఒకే క్వారంటైన్‌లో ఒకరి దూరం ఎలా సాధ్యమవుతోందో బేదీ పక్కపక్కనే పెట్టి చూపుతాడు. పెట్రోలు పోసి కాలుస్తున్న శవాల కుప్పలో ఒక మనిషి ఇంకా బతికే ఉన్నాడని గ్రహించి, మంటలోకి చెయ్యిపెట్టి బయటకు లాగినవాడు భాగూ. విధానం దృష్టిలో అప్పటికే శవాల లెక్కలో చేరిపోయిన మనిషిని, తాకకూడని మనిషి తాకి చూశాడు.

ఈ ఘట్టాన్ని మానవత్వపు విజయంగా వ్యాఖ్యానించడం సులభం. నేను కాస్త భిన్నంగా చదువుతాను. బతికున్నవాణ్ని శవాలలో కలిపేసిన పొరపాటు క్వారంటైన్ వ్యవస్థ లోపలిది. దగ్గరకు వెళ్లి చూసేవాడు లేకపోవడం దానికి కారణం. దూరం పాటించడమే పరమావధి అయిన విధానానికి రోగి బతికున్నాడో లేదో తెలుసుకునే శక్తి కూడా తగ్గిపోతుంది. ఆ శక్తిని విధానానికి తిరిగి తెచ్చినవాడు దగ్గరకు వెళ్లే పనిలో పుట్టినవాడు. భాగూ కారుణ్యం వ్యవస్థకు అలంకారం కాదు, అందులో లోపించిన పనిముట్టు. ఈ అర్థంలో బేదీ కథ క్వారంటైన్ సఫలత గురించి డిఫో కంటే కఠినమైన మాట చెప్పింది. వ్యాధి తగ్గుముఖం పట్టడానికి క్వారంటైన్ తోడ్పడి ఉంటే, అది తాళం వల్ల కాదు, తాళం లోపలికి రోజూ వెళ్లి వచ్చిన చేతుల వల్ల.

ఆ చేతులకు వ్యవస్థ ఏమిచ్చింది? భాగూ భార్యకు ప్లేగు సోకి చనిపోతుంది. పసిబిడ్డ మిగులుతాడు. మర్నాడు భాగూ పనికి వస్తాడు. మహమ్మారి అంతమయ్యాక నగరంలో సభ జరుగుతుంది. డాక్టరు బక్షీకి సన్మానం, సొమ్ము, పదవి. పూలదండలతో ఇంటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర భాగూ, చేతిలో అదే చీపురు, అభినందనలు చెబుతాడు. సభలో అతడి పేరు ఎవరూ ఎత్తలేదు. 2020 మార్చి 22 సాయంత్రం మనం చప్పట్లు కొట్టాం, పళ్లాలు మోగించాం. కొన్నిచోట్ల పారిశుధ్య కార్మికుల కాళ్లు కడిగారు, దండలు వేశారు. భాగూకు దక్కనిది వాళ్లకు దక్కిందని సంతోషించాలా? ఆ దండకు ఒకరోజు గడువు ఉంది, ఆ పనికి లేదు.

ఒక అభ్యంతరాన్ని ఇక్కడ ఒప్పుకోవాలి. బేదీ కథను చెప్పేది భాగూ కాదు, డాక్టరు. భాగూ ఎప్పుడూ డాక్టరు సిగ్గు నుంచే మనకు కనిపిస్తాడు. అతడి సేవకు మూలం మిషనరీ బోధించిన క్రీస్తు మార్గమని కథ చెబుతుంది. ఆ పనిని వద్దనే వీలు అతడికి ఉందా అన్న ప్రశ్న మాత్రం అడగదు. తెల్లవారుజామున తాగిన సారాను డాక్టరు రోగనిరోధక ఉపాయంగా గమనిస్తాడు తప్ప, ఆ పనిని భరించడానికి శరీరం కోరిన మత్తుగా గమనించడు. దళిత సాహిత్య విమర్శ వెలుగులో చదివే పరిశోధకుడు ఈ ఖాళీని చూడకుండా ఉండలేడు. అయినా ఆ ఖాళీని కథే తెరిచి ఉంచిందని నా భావన. డాక్టరు తన వృత్తాంతాన్ని విజయ నివేదికగా మొదలుపెట్టి చివరికి నేరాంగీకారంగా ముగిస్తాడు. ఒకే నోరు నివేదిక నుంచి అంగీకారానికి జారడంలోనే ప్రభుత్వ లెక్కలలో చేరని అంకె బయటపడుతుంది.

మన కోవిడ్ కథలలో, కవితలలో వలస కూలీల నడక విస్తారంగా వచ్చింది, రావలసినదే. క్వారంటైన్ కేంద్రం మాత్రం, నేను చదివిన మేరకు, ఎక్కువగా వెలుపలి నుంచే కనిపిస్తుంది. పాఠశాల గదిని కేంద్రంగా మార్చినప్పుడు అక్కడ మరుగుదొడ్డి ఎవరు కడిగారు, పద్నాలుగు రోజుల అన్నం ఏ వేళకు వచ్చింది, పదిహేనో రోజున గేటు తెరవవలసిన కాగితం ఎవరి సంతకం కోసం ఆగింది అన్న వివరాలు గుజరాత్ తీరం నుంచి బస్సులలో తిరిగి వచ్చిన శ్రీకాకుళం మత్స్యకారుల దగ్గర ఉన్నాయి, ఆశా కార్యకర్తల దగ్గర ఉన్నాయి, గ్రామ సచివాలయ సిబ్బంది దగ్గర ఉన్నాయి. వాటిని సేకరించే పని తెలుగు శాఖలు మౌఖిక కథన సేకరణలో భాగంగా చేపట్టవచ్చు. మనుషులింకా ఉన్నారు, రోజుల లెక్క ఇంకా వాళ్లకు గుర్తుంది.